ఏసయ్య చూసిన నీళ్లు

పదో తరగతి పేపర్లు దిద్దే స్పాట్ వాల్యుయేషన్ ముగించుకుని నంద్యాల ఇంటికి వచ్చిన ఫెబా ఇంకా చెప్పులు విప్పకముందే ఆళ్లగడ్డ నుంచి భాస్కరయ్య ఫోన్ చేశాడు. ముందు అందరి క్షేమం అడిగాడు. ఎండల సంగతి మాట్లాడాడు. ఆ తర్వాత గొంతు సవరించుకుని, చెప్పాలా వద్దా అన్నట్టు నసుగుతూ అసలు విషయానికి వచ్చాడు.

భాస్కరయ్యది బట్టల అంగడి. మూడేళ్ల కిందట ఇంటి వెనక ఖాళీ స్థలంలో స్విమ్మింగ్ పూల్ కట్టించాడు. వేసవి వస్తే ఊరి పిల్లలంతా అక్కడే ఈత నేర్చుకుంటారు. ఈ మార్చిలో అడుగున టైల్స్ లేచిపోతే నీళ్లన్నీ తోడించి, కొత్త టైల్స్ వేయించి, బోరు నీళ్లతో మళ్లీ నింపించాడు. నాలుగో రోజుకల్లా నీళ్లు ఆకుపచ్చగా తిరిగాయి. మొదటి నుంచీ ఆ నీళ్లు చూసేది ఫెబా తండ్రి ఏసయ్యే. ఆయన రెండుసార్లు వచ్చి క్లోరిన్ వేసి వెళ్లాడు. రెండుసార్లూ మరుసటి రోజు కాస్త తేటపడినట్టే కనబడి, మూడో రోజుకు గోంగూర ఉడికించిన నీళ్లలాగా అయిపోయాయి.

"ఏసన్నను తప్పు పడతాండానని అనుకోవద్దు పాపా," అన్నాడు భాస్కరయ్య. "ఆయప్ప చేతికి ఏమైందో నాకు అంతు పట్టడంల్యా. నువ్వు సైన్సు టీచరువు గదా. ఈసారి ఆయనతో పాటు వచ్చిపో."

వేరే మనిషిని పిలిపించుకోవడం ఆయనకు పెద్ద పని కాదు. ఆ మాట తన నోటితో అనకుండా ఫోన్ పెట్టేశాడు. ఫెబాకు అది అర్థమైంది.

ఏసయ్య ఇరవై ఎనిమిదేళ్లు నంద్యాలలో ఒక క్లబ్బు పూల్‌కు కాపలా, వైద్యం అన్నీ తానే అయి పనిచేశాడు. నీళ్ల మొహం చూసి రోగం చెప్పేవాడని అక్కడి వాళ్లు అనేవారు. సభ్యుల పిల్లలకు తప్ప ఎవరికీ ఆ నీళ్లలో దిగే వీలు లేదు. సోమవారం మాత్రం పూల్ మూసి శుభ్రం చేసేవారు. ఎండాకాలం సెలవుల్లో ఆ సోమవారాలు ఏసయ్య కూతుర్ని వెంట తీసుకుపోయి, గోడలు తోమడం అయ్యాక, ఇంకా పంపు తిరుగుతుండగానే ఆమెను నీళ్లలో దింపేవాడు. ఫెబాకు ఈత వచ్చింది అలాగే. పరీక్ష గొట్టంలో నీళ్లు పట్టి, ఎర్ర చుక్కలు వేసి, వచ్చిన రంగును పక్కనున్న పెట్టె మీది రంగులతో పోల్చడం కూడా అక్కడే నేర్చుకుంది. బడిలో ఆమ్లాలూ క్షారాలూ చెప్పేటప్పుడు ఇప్పటికీ ఆమెకు ముందు గుర్తొచ్చేది ఆ పెట్టే.

ఆ సాయంత్రం తల్లి కృపావతికి ఫోన్ సంగతి చెప్పింది. కృపావతి జవాబుగా, ఈస్టరుకు ఏసయ్య తనకు తెచ్చిన చీర సంగతి ఎత్తింది. ఇటుకరంగు చీర తెచ్చానని మురిసిపోతూ ఇచ్చాడట. విప్పి చూస్తే అది ఊదారంగు. అంగడివాడు మార్చి ఇచ్చి ఉంటాడనుకుని ఆమె ఊరకుంది. ఫెబా కూడా ఆ మాటను అప్పటికి అంతగా పట్టించుకోలేదు.

మరునాడు తండ్రీకూతుళ్లు పొద్దున్నే బస్సెక్కారు. తోడు రావడానికి కారణంగా, సెలవుల్లో పని లేక విసుగ్గా ఉందని చెప్పింది ఫెబా. ఏసయ్య నమ్మాడో లేదో కానీ సంతోషించాడు. దారి పొడుగునా బోరు నీళ్ల గుణాలు చెబుతూనే ఉన్నాడు. కొత్తగా నింపిన నీళ్లకు ఎండను తట్టుకునే సత్తువ ఉండదనీ, పొద్దున వేసిన క్లోరిన్ మధ్యాహ్నానికి ఆవిరైపోతుందనీ, అందుకే తాను పొద్దు వాలాకే వేస్తాననీ చెప్పాడు. అన్నీ సరైన మాటలే. ఇన్ని తెలిసిన మనిషి చేతిలో నీళ్లు ఎందుకు బాగుపడలేదో ఫెబాకు తోచలేదు.

వాళ్లు చేరేసరికి భాస్కరయ్య భార్య శారదమ్మ బొరుగుల ఉగ్గాని, బజ్జీలు చేసి పెట్టి ఉంది. ఆమె గోడ పట్టుకుని ఒక్కో అడుగూ వేస్తూ వచ్చి వడ్డించింది. రెండు మోకాళ్లూ అరిగిపోయాయని, రోజూ అరగంట రొమ్ముల లోతు నీళ్లలో నడవమని కర్నూలు డాక్టరు చెప్పాడట. ఇంట్లోనే అన్ని నీళ్లు పెట్టుకుని ఆమె నెల రోజులుగా కిటికీలోంచి చూస్తూ కూర్చుంది.

తిన్నాక అందరూ పూల్ దగ్గరకు వెళ్లారు. మెట్ల మూడో వరుస దాటితే అడుగు కనబడటం లేదు. గోడ మీద వేలు పెట్టి రాస్తే జిగట పాచి అంటుకుంది. ఏసయ్య మోచేయి లోతు నుంచి గొట్టంలోకి నీళ్లు పట్టి, చుక్కలు వేసి, మూత పెట్టి తిప్పి, ఎండకు ఎత్తి చూశాడు. భాస్కరయ్యకు తెలియాలని కాస్త గట్టిగానే చెప్పాడు:

"నీళ్లు సున్నానికి తిరిగి క్షారం ఎక్కువైందనుకో, క్లోరిన్ నిద్దరపోతాది. ఎంత పోసినా దండగ. అందుకే ముందు ఇది చూడాల. ఈడ చూడు, పీహెచ్ ఏడు పాయింటు నాలుగు. సరిగ్గా ఉంది. జబ్బు ఇందులో ల్యా."

ఫెబా ఆయన భుజం పక్కనుంచి చూసింది. గొట్టంలో నీళ్లు ముదురు గులాబీ రంగులో ఉన్నాయి. పెట్టె మీది రంగుల్లో అది చిట్టచివరిది, ఎనిమిది పాయింటు రెండు. ఆయన చెప్పినది నారింజ కలిసిన ఎరుపు, నాలుగు గళ్లు ఇవతల. రెండు రంగుల మధ్య పొరపాటు పడేంత దగ్గరితనం లేదు. తానే తప్పు చూశానేమోనని ఆమె గొట్టాన్ని చేతిలోకి తీసుకుని, తన తెల్ల చున్నీ అంచు వెనక పెట్టి చూసింది. గులాబీ రంగే.

తల్లి చెప్పిన చీర అప్పుడు గుర్తొచ్చింది.

అక్కడే చెప్పేసి ఉండవచ్చు. కానీ భాస్కరయ్య రెండడుగుల దూరంలో నిలబడి ఉన్నాడు. తండ్రి మొహంలో ఆ ధీమా చూసి ఆమె నేరుగా చెప్పలేదు. బోరు నీళ్లు కదా, కాస్త యాసిడ్ వేసి చూద్దామా అని మాత్రం అడిగింది. ఏసయ్య నవ్వాడు. సరిగ్గా ఉన్న నీళ్లకు యాసిడ్ వేస్తే కొత్త టైల్స్ మధ్య సిమెంటు తినేస్తుందని, పుస్తకం చదువు వేరు, నీళ్లు వేరు అని అన్నాడు. ఆ మాటతో ఆ దారి మూసుకుపోయింది.

మధ్యాహ్నం భోజనం చేసి ఏసయ్య పైగదిలో నడుం వాల్చాడు. ఫెబా పంపు గదిలోకి వెళ్లి యాసిడ్ క్యాను వెతికింది. ఐదు లీటర్లది, సీలు తీయనిది, మూలన ఉంది. పిల్లలకు బడిలో చెప్పేది తనకు తానే చెప్పుకుంటూ చేతులకు తొడుగులు వేసుకుంది, ముక్కుకు గుడ్డ కట్టుకుంది. బకెట్లో ముందు నీళ్లు, ఆ తర్వాతే కొంచెం కొంచెంగా యాసిడ్. పంపు నడుస్తుండగా లోతైన వైపు గట్టు వెంబడి నడుస్తూ ఒక్కో బకెట్టూ సన్నగా పోసింది. మూడో బకెట్టు పోస్తుండగా వెనక చప్పుడైంది. కిటికీ దగ్గర ఉండాల్సిన శారదమ్మ గోడ పట్టుకుని అక్కడిదాకా వచ్చి నిలబడి ఉంది.

"మీ నాయనకు తెలియకుండా పోస్తాండావా?" అని అడిగింది.

ఫెబా ఉన్నదంతా చెప్పింది. శారదమ్మ విని తలూపింది. తన భర్తకు ఎడమ చెవి వినబడక నాలుగేళ్లయిందని, అది ఆయనకు తెలియకుండానే ఇల్లంతా గట్టిగా మాట్లాడటం అలవాటు చేసుకుందని చెప్పింది. అయినా ఎప్పుడో ఒకప్పుడు చెప్పక తప్పదని, తాను మాత్రం ఇంకా చెప్పలేదని అంటూ మెల్లగా వెనక్కి నడిచింది.

ఐదున్నర తర్వాత ఏసయ్య లేచి వచ్చాడు. క్లోరిన్ వేసే ముందు అలవాటుగా మళ్లీ గొట్టం పట్టి ఎండకు ఎత్తాడు. కనుబొమలు ముడిపడ్డాయి. పొద్దున సరిగ్గా ఉన్న నీళ్లు ఇప్పుడు పసుపుకు తిరిగాయట. ఏడుకంటే కిందికి దిగాయని, ఇలా ఎప్పుడూ చూడలేదని, మళ్లీ పైకి ఎత్తేందుకు ముందు సోడా వేయాలని సంచి కోసం వెళ్లబోయాడు. ఫెబా కళ్లకు ఆ రంగు ఇప్పుడే నారింజ కలిసిన ఎరుపుకు వచ్చింది, ఎలా ఉండాలో అలా. సోడా పడితే మధ్యాహ్నం చేసినదంతా వృథా.

"గుళికల క్లోరిన్ వేస్తే నీళ్ల పీహెచ్ మళ్లీ పైకి పోతాది గదా నాయనా," అంది. "నువ్వే చెప్పింటివి."

ఏసయ్య ఆగిపోయాడు. ఆమె వంక చూసి, "గుర్తుందే నీకు," అని మెచ్చుకోలుగా అన్నాడు. సోడా మాట వదిలేసి మూడు కిలోల క్లోరిన్ విడివిడిగా కరిగించి పూల్ చుట్టూ పోశాడు. ఇద్దరూ కలిసి చీకటిపడేదాకా గోడలు తోమారు. అబద్ధం చెప్పలేదు కదా అని ఫెబా తనకు తాను నచ్చజెప్పుకుంది. కానీ ఆ మెచ్చుకోలు ముల్లులా గుచ్చుకుంటూనే ఉంది.

తెల్లారేసరికి పచ్చదనం చచ్చిపోయింది. నీళ్లు బియ్యం కడిగిన కుడితిలాగా బూడిద తెలుపులో ఉన్నాయి. ఏసయ్య చంకలు గుద్దుకున్నాడు. పాచి చస్తే ఇలాగే ఉంటుందని, ఇక తేర్చడమే మిగిలిందని భాస్కరయ్యకు వివరించాడు. ఓపిక పడితే ఏ నీళ్లయినా మాట వింటాయని కూడా చెప్పాడు. పగలంతా ఫిల్టర్ నడిపారు. గంటకోసారి దాన్ని ఎదురు నీళ్లతో కడిగారు. సాయంత్రం పటిక కరిగించి పోసి పంపు ఆపేశారు. మూడో రోజు పొద్దునకు మురికంతా అడుగున దుప్పటిలా పరుచుకుంది. ఏసయ్య పొడుగు కర్రకు గొట్టం తగిలించి, నీళ్లు కదలకుండా, చంటిబిడ్డ ఒళ్లు తుడిచినంత నెమ్మదిగా ఆ మురికినంతా లాగి బయటికి వదిలాడు. ఆ పని ఆయన చేస్తుంటే చూడటం ఫెబాకు చిన్నప్పటి నుంచీ ఇష్టం.

పదకొండు గంటలకు అడుగున ఒక్కో టైలూ లెక్కపెట్టేటంత తేటగా ఉన్నాయి నీళ్లు. భాస్కరయ్య గట్టు మీద అటూ ఇటూ నడుస్తూ అంగడికి ఫోన్ చేసి మరీ చెప్పాడు. శారదమ్మ లోపలికి పోయి, కోడలు వదిలివెళ్లిన చుడీదార్ తొడుక్కుని, సిగ్గుపడుతూ వచ్చింది.

ఏసయ్య ఒక్కడే సంతోషించలేదు. నీళ్లను అటు నుంచి ఒకసారి, ఇటు నుంచి ఒకసారి చూశాడు.

"పచ్చదనం ఇంకా పోల్యా," అన్నాడు. "ఇంకో రెండు కిలోలు వేయాల. అమ్మను రెండు దినాలు దిగొద్దని చెప్పండి."

భాస్కరయ్య అది హాస్యమనుకుని నవ్వాడు. ఏసయ్య అప్పటికే పంపు గది వైపు నడుస్తున్నాడు. శారదమ్మ ఫెబా వంక చూసింది. ఫెబా తండ్రి వెనకే వెళ్లి గది తలుపు దగ్గరకు వేసింది.

"నాయనా, నీళ్లు నీలంగా ఉండాయి."

"నా కండ్లతో నేను చూస్తాండా గదా."

"నీ కండ్లకే కనబడటంల్యా నాయనా."

ఆమె గొట్టంలో గులాబీ రంగు సంగతి చెప్పింది. చీర సంగతి చెప్పింది. ఆయన పడుకున్నప్పుడు యాసిడ్ పోసిన సంగతీ దాచలేదు. ఏసయ్య చేతిలోని క్లోరిన్ చెంచాతోనే ఆమె వైపు తిరిగాడు. కళ్ల మాట ఆయన ముందు ఎత్తుకోలేదు.

"యాసిడ్ పోసి, ఆ మాట నాకు చెప్పకుండా నన్ను క్లోరిన్ ఎయ్యనిచ్చినావా?" అన్నాడు. గొంతు పెద్దది చేయలేదు. "ఆ రెండూ ఒకచోట కలిస్తే విషపు గాలి లేస్తాదని నీకు ఎవరు నేర్పించినారు? నేను గంట ముందు లేచి వచ్చింటే? బకెట్లో అడుగున ఇంత మిగిలింటే? నా కండ్లు పోతే పోనీ. నీకు ఏమన్నా అయ్యింటే మీ అమ్మకు నేనేం చెప్పుకోవాల?"

ఫెబా నాలుగున్నర గంటలు ఆగానని, బకెట్ మూడుసార్లు కడిగి పక్కన పెట్టానని చెప్పింది. చెబుతుండగానే కళ్లలో నీళ్లు తిరిగాయి. చేసినది సరైన పనే అయినా, దాచి చేయడం తప్పని ఆమెకు ఆ క్షణంలో తెలిసింది. ఇకమీదట ఏదైనా మొహం మీదే చెబుతానని అంది.

ఏసయ్య చెంచా డబ్బాలో వేసి మూత బిగించాడు. కొళాయి కింద చేతులు చాలాసేపు కడుక్కున్నాడు. తర్వాత, పంపు గదిలో మిగిలిపోయిన కొత్త టైలు ఒకటి తీసి ఆమె చేతికిచ్చి ఏం రంగని అడిగాడు. నీలమని చెప్పింది.

"పోయినేడు ఈడ నీలం టైల్సే ఉండె," అన్నాడు. "ఈసారి భాస్కరయ్య సెట్టి ఆకుపచ్చవి తెప్పించినాడు, టేస్టు చెడిపోయిందే ఈయనకు అనుకుంటి."

ఫెబాకు ఏడుపులోనే నవ్వొచ్చింది. ఏసయ్య నవ్వలేదు కానీ ఆమె తల మీద తడి చెయ్యి పెట్టాడు.

బయటికి వచ్చి ఆయనే భాస్కరయ్యకు చెప్పాడు. ఎవరి మీదకూ నెట్టలేదు. తన కళ్లకు పొర పట్టినట్టుందని, రంగులు తప్పు చదివానని, రెండుసార్లు వేసిన క్లోరిన్ అందుకే పనిచేయలేదని, నీళ్లు బాగైంది కూతురు వేసిన యాసిడ్ వల్లనేనని పూసగుచ్చినట్టు చెప్పాడు. వేరే మనిషిని పెట్టుకున్నా తాను ఏమీ అనుకోనని కూడా అన్నాడు. భాస్కరయ్య కుడి చెవి ముందుకు వంచి విన్నాడు.

"వేరే మనిషి ఎందుకన్నా," అన్నాడు. "కండ్లు బాగు చేయించుకుంటే సరిపాయె గదా. అంతవరకూ రంగు చూసేదానికి ఇంట్లో మనుషులు ల్యారా?"

శారదమ్మ ఆ అదను వదులుకోలేదు. "మోకాళ్లు అరిగినాయని నేను ఒప్పుకుంటి, కండ్లు పోయినాయని ఏసన్న ఒప్పుకున్యాడు," అంది, కావాలనే మామూలు గొంతుతో, భర్త ఎడమ పక్కన నిలబడి. భాస్కరయ్య ఏందీ అని అడిగాడు. ఆమె ఇంకోసారి అంతే మెల్లగా చెప్పింది. ఆయన మళ్లీ ఏందీ అన్నాడు. ముగ్గురూ తన మొహంలోకే చూస్తుంటే ఆయన చెయ్యి దానంతటదే చెవి మీదకు పోయింది. కాసేపటికి, సరే, కర్నూలు పోయినప్పుడు చూపించుకుంటానని గొణిగాడు.

ఆ తర్వాత ఫెబా గొట్టాలు పట్టింది. ఏసయ్య గట్టు మీద బాసింపట్టు వేసుకుని కూర్చుని అడిగాడు, ఆమె చెప్పింది. ఒక గొట్టం నారింజ కలిసిన ఎరుపు. ఇంకోదాంట్లో క్లోరిన్ లేత నిమ్మపండు రంగు. ఏసయ్య లెక్క వేసుకుని, ఇక ఏమీ వేయనక్కర్లేదని, అమ్మ దిగవచ్చని తీర్పు చెప్పాడు.

శారదమ్మ మెట్ల కమ్మీ పట్టుకుని ఒక్కో మెట్టూ దిగింది. నడుము దాకా వచ్చాక భయపడి ఆగిపోయింది. ఫెబా బట్టలతోనే నీళ్లలోకి దూకి ఎదురుగా పోయి రెండు చేతులూ పట్టుకుంది. నాలుగడుగులు నడిచాక శారదమ్మ చేతులు వదిలించుకుంది. మెట్టు దిగితే ప్రాణం పోయే మనిషి, నీళ్లలో పెళ్లికూతురిలాగా తేలికగా నడిచిపోయింది. ఆ చివరి నుంచి ఈ చివరికి మూడుసార్లు తిరిగింది. భాస్కరయ్య ఆమె చెప్పులు చేత్తో పట్టుకుని గట్టు వెంబడి ఆమెతో సమానంగా నడుస్తూనే ఉన్నాడు. నొప్పి ఉందా అని అడగడమూ మర్చిపోయాడు.

తిరుగు బస్సులో బేరం జరిగింది. వేసవి గడవనీ, కంటి ఆపరేషన్ సంగతి జూన్‌లో చూద్దామన్నాడు ఏసయ్య. ఈ వారమే అంది ఫెబా. నంద్యాల బస్టాండు వచ్చేసరికి, ఆదివారం మందిరంలో ప్రార్థన చేయించుకుని సోమవారం ఆస్పత్రికి పోవడానికి ఒప్పందం కుదిరింది.

సోమవారం పరీక్షలైనాయి, బుధవారం కుడి కంటికి ఆపరేషన్ అయింది. డాక్టరు చెప్పినదాని ప్రకారం రెండో కంటికి నెల తర్వాత. ఏసయ్య కంటి మీద పట్టీతో ఆస్పత్రి మంచం మీద పడుకుని ఉండగా, కృపావతి ఆయనకు కమలాపండు తొనలు ఒలిచి పెడుతుండగా, ఫెబా ఫోన్ మోగింది. శారదమ్మ. పొద్దున గొట్టంలో ఎరుపు ఒక గడి ముదిరిందట. ఏం చేయాలని అడుగుతోంది.

ఫెబా జవాబు చెప్పబోయి ఆగి, ఫోన్ తండ్రి చెవి దగ్గర పెట్టింది. ఏసయ్య తల కదపకుండా, నోట్లో తొన నములుతూనే చెప్పాడు.

"లీటరున్నర చాలు తల్లీ. బకెట్లో ముందు నీళ్లు పోయండి, యాసిడ్ ఆ తర్వాతే. పంపు ఏసింటారు గదా? క్లోరిన్ సాయంత్రం దాకా ముట్టద్దు. సెట్టిగారిని పక్కన నిలబెట్టుకుని పోయండి, ఒక్కరే పోవాకండి."

అవతల శారదమ్మ అన్నీ తిరిగి అప్పజెప్పింది. ఏసయ్య ఒక్కోదానికీ ఊఁ కొట్టాడు. నర్సు వచ్చి, కన్ను ఆపరేషన్ అయిన మనిషి ఇంతసేపు మాట్లాడకూడదని కోప్పడింది. ఆయన సరేనని నోరు మూసుకున్నాడు. ఆమె అటు తిరగగానే, నీళ్లలో ఎన్ని చుట్లు నడుస్తోందో అడగమని కూతురికి చేత్తో సైగ చేశాడు. ఫెబా అడిగింది. పన్నెండని చెప్పింది శారదమ్మ.